విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల కొండదారులు: మౌంటెన్ బైక్‌తో ఎటు వెళ్ళొచ్చు?

కొత్తగేరు · నవంబరు 9, రాత్రి 9:40

నమస్కారం అండి. పటమటలో ఉంటాను. ఆరు నెలల కిందట హార్డ్‌టెయిల్, అంటే ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న మౌంటెన్ బైక్ ఒకటి కొన్నాను. 29 అంగుళాల చక్రాలు, ముందు ఫోర్క్ 100 మిల్లీమీటర్లు కుంగుతుంది. ఇప్పటిదాకా తొక్కిందంతా ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి, అక్కణ్ణుంచి కరకట్ట మీద అమరావతి వైపు కొంత దూరం. రోజూ బందరు రోడ్డు ట్రాఫిక్‌లో ఆఫీసుకెళ్ళే నాకు ఆ గాలే మందులా ఉంటుంది. కానీ కొండల కోసం చేసిన బండిని తారు మీదే తిప్పుతున్నానని మనసు పీకుతోంది.

బ్యారేజీ మీద ఆగి చూస్తే చుట్టూ కొండలే. ఇటు ఇంద్రకీలాద్రి, దాని వెనక కొండపల్లి దాకా వరుస. అటు సీతానగరం, మంగళగిరి. ఇన్ని కొండలున్న ఊళ్ళో పుట్టి పెరిగి ఒక్క మట్టిదారి కూడా తెలియదంటే బాధగా ఉంది.

పొద్దున్నే బయల్దేరి పదకొండు లోపు ఇంటికి చేరేలా అడవి అంచు దారులేమైనా చెప్తారా? కొండపల్లి అడవిలోకి సైకిల్‌తో వెళ్ళనిస్తారా? కొండవీడు నాలాంటి వాడు ఎక్కగలడా? పంక్చర్ల సంగతి కూడా చెప్పండి. గత ఆదివారం ఉండవల్లి గుహలు దాటాక పొలం గట్టు మీదకి దిగితే పావుగంటలో రెండు చక్రాలూ పోయాయి.

కృష్ణలంక పెడల్ · నవంబరు 9, రాత్రి 10:25

రండి తమ్ముడూ. నేను ఈ దారుల్లో పన్నెండేళ్ళుగా తొక్కుతున్నాను. మొదట ఒక మాట. ఇక్కడ దారి ఎంచుకోవాలంటే మ్యాప్ కంటే ముందు నేల చూడాలి. మన ప్రాంతంలో మూడు రకాల నేలలున్నాయి, మూడూ సైకిల్‌తో మూడు రకాలుగా ప్రవర్తిస్తాయి. కొండల అడుగున ఎర్ర గ్రావెల్ నేల. వాన పడ్డ మర్నాడే తొక్కొచ్చు, నీళ్ళు ఇంకిపోతాయి. గుంటూరు వైపు పొలాల మధ్య డొంకల్లో నల్లరేగడి. వాన పడితే మూడు రోజులు అటు చూడకండి. పల్నాడు చేరితే నాపరాయి, దాని సంగతి అటువైపు వాళ్ళు చెప్తారు.

నల్లరేగడి గురించి గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, దానివల్ల ఒకసారి బాగా ఇబ్బంది పడ్డాను. తడిసిన రేగడి టైరుకి అంటుకుని, ఫ్రేముకీ చక్రానికీ మధ్య ముద్దగా పేరుకుంటుంది. చక్రం తిరగదు. బలంగా తొక్కామంటే వెనక గేరు మార్చే డిరైలర్ మెలి తిరిగి చువ్వల్లోకి పోతుంది. నాకు అదే జరిగింది. డిరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ అనే ముక్క విరిగింది, దాంతోపాటు మూడు చువ్వలు. సైకిల్‌ని భుజాన వేసుకుని డొంకలో ఐదు కిలోమీటర్లు నడిచాను. చెప్పులకి కూడా మట్టి అంటుకుని ఒక్కో కాలు రెండు కేజీలైంది.

మీకు మొదటి దారిగా ఇది చెప్తాను. చిట్టినగర్ సొరంగం దాటి కబేళా మీదుగా జక్కంపూడి. అక్కణ్ణుంచి వేమవరం, కొత్తూరు తాడేపల్లి వైపు. ఊళ్ళ మధ్య తారు ఉన్నా, పక్కనే మామిడి తోటల వెంట, కొండ అడుగున బండిబాటలు కలుస్తూ ఉంటాయి. ఎడమ పక్కన కొండ, కుడి పక్కన తోటలు. మధ్యలో చిన్న చిన్న ఎక్కుళ్ళు, గులకరాళ్ళ దిగుళ్ళు. మొదటిసారి తొక్కేవాళ్ళకి ఇంతకంటే మంచి బడి లేదు. అలా వెలగలేరు చేరి, బుడమేరు రెగ్యులేటర్ దగ్గర కాసేపు ఆగి, వెనక్కి వచ్చేటప్పుడు పోలవరం కుడి కాలువ గట్టు పట్టుకోండి. గట్టు మీద గాలి ఎదురొస్తే కాళ్ళు పీకుతాయి, అదే మంచి ట్రైనింగ్.

2024 సెప్టెంబరు వరదలో బుడమేరు కట్టకు కవులూరు వైపు గండ్లు పడ్డాయి కదా. ఆ తర్వాత పూడ్చిన చోట కొత్త మట్టి, కంకర ఉంటాయి. వానాకాలంలో కట్ట అంచుకి పోకుండా మధ్యలోనే తొక్కండి. పనులు జరుగుతుంటే దిగి నడిపించండి.

మూలపాడు రెక్క · నవంబరు 10, ఉదయం 6:15

కొండపల్లి అడవి గురించి అడిగారు కాబట్టి చెప్తున్నా. అది రిజర్వు అడవి. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి పోవడం నేరం. సైకిలైనా, నడకైనా ఒకటే. చిరుత, అడవి పంది, నక్క తిరిగే అడవి అది. నేను అక్కడ సీతాకోకల కోసం తిరుగుతాను కాబట్టి ప్రతిసారీ అటవీ శాఖ వాళ్ళని అడిగే వెళ్తాను. ఇచ్చిన దారి దాటి పక్కకి పోను.

అందరికీ తెరిచి ఉన్న చోటు మూలపాడు. ఇబ్రహీంపట్నం దాటాక హైదరాబాద్ రోడ్డు నుంచి లోపలికి. అక్కడ సీతాకోకచిలుకల పార్కు ఉంది, అడవి అంచు దాకా దారి ఉంది. సైకిల్ గేటు దగ్గర పెట్టి నడవండి. వానలు తగ్గిన ఈ నెలల్లో పొద్దున ఎనిమిది దాటాక ఎండ తగిలిన చోటల్లా రెక్కలే.

ఇంకో సంగతి. ఇది కార్తీక మాసం, వనభోజనాల వాళ్ళు అడవి అంచున ఉసిరి చెట్టు ఉన్న ప్రతి చోటా ఉంటారు. వాళ్ళు వెళ్ళిపోయాక సీసా పెంకులు మిగులుతాయి. టైరు సంగతి అలా ఉంచండి, జంతువుల కాళ్ళు తెగుతున్నాయి. మీరు వెళ్ళినప్పుడు ఒక సంచీ పట్టుకెళ్ళి మీ చేతికి అందినన్ని ఏరుకొస్తే మేలు.

కొత్తగేరు · నవంబరు 10, ఉదయం 8:50

ఇద్దరికీ ధన్యవాదాలు. కృష్ణలంక బాబాయ్ గారూ, ఆ తోటల వెంట దారి జీపీఎస్ ఫైలు ఏమైనా ఉంటే ఇక్కడ పెట్టగలరా?

కృష్ణలంక పెడల్ · నవంబరు 10, మధ్యాహ్నం 1:10

ఊళ్ళ మీదుగా పోయే దారిది, కాలువ గట్టుది పెడతాను, అభ్యంతరం లేదు. తోటల మధ్య బాటలది మాత్రం పెట్టను. అవి రైతుల సొంత దారులు. నేను ఒక్కడినే వెళ్తే నవ్వుతూ నీళ్ళిచ్చేవాళ్ళు, ఫైలు పట్టుకుని ముప్పై మంది వస్తే గేటు వేస్తారు. మీరు ఒక ఆదివారం నాతో రండి, చూపిస్తాను. దారిలో ఎవరిని పలకరించాలో కూడా తెలుస్తుంది.

కొండవీటి గాలి · నవంబరు 10, సాయంత్రం 6:30

గుంటూరు నుంచి రాస్తున్నాను. టీచర్‌ని, వయసు నలభై రెండు. నాలుగేళ్ళుగా నెలకి రెండుసార్లైనా కొండవీడు ఎక్కుతున్నాను కాబట్టి ఆ ప్రశ్నకి నేను జవాబిస్తాను. ఎక్కగలరు. మొదటిసారే ఆగకుండా ఎక్కాలనుకోకండి, అంతే.

గుంటూరు నుంచి నరసరావుపేట రోడ్డులో ఫిరంగిపురం, అక్కణ్ణుంచి ఎడమకి తిరిగి కొండవీడు. సుమారు పాతిక కిలోమీటర్లు. జిల్లాలు మారాక ఇది 2022 నుంచి పల్నాడు జిల్లా, మాకు మాత్రం ఇంకా గుంటూరు కొండే. ఘాట్ రోడ్డు వేశాక పైకి పోవడం తేలికైంది. అది తారు దారే, మలుపులు బాగా నిట్టనిలువుగా ఉంటాయి. మౌంటెన్ బైక్ వాళ్ళు తారుని తక్కువగా చూస్తారు కానీ, గేర్లు ఎలా వాడాలో నాకు నేర్పింది ఆ రోడ్డే. మలుపు రాకముందే గేరు తేలిక చేసుకోవాలి. మలుపులోకి వచ్చాక బలంగా తొక్కుతూ మార్చితే చైను గింజుకుంటుంది. సీటు మీద నుంచి లేవకుండా, ఛాతీ కొంచెం హ్యాండిల్ వైపు వంచి, మలుపు బయటి అంచు పట్టుకుని ఎక్కండి. లోపలి అంచు దగ్గర వాలు ఎక్కువ.

పైకి చేరాక అసలు ఆనందం. రెడ్డిరాజులు అద్దంకి నుంచి రాజధానిని ఇక్కడికి మార్చింది 14వ శతాబ్దంలో. ఈ కొండ ఎక్కి రాజ్యం నడపాలంటే ముందు నీళ్ళు కావాలి కదా. అందుకే పైన చెరువులు కట్టారు. ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు. కొండమీద పడ్డ వాన నీటిని ఒకదాన్నుంచి ఒకదానికి మళ్ళించుకున్న తీరు చూస్తే నాకు ప్రతిసారీ ఒళ్ళు పులకరిస్తుంది. చెరువుల చుట్టూ, బురుజుల వైపు కాలిబాటలున్నాయి. అక్కడ సైకిల్ నడిపించుకునే వెళ్తాను. పాత గోడల మీద, మెట్ల మీద సైకిల్ దించే వీడియోలు చూస్తున్నాను, దయచేసి ఆ పని చేయకండి. ఒక్క రాయి కదిలినా మళ్ళీ పెట్టేవాళ్ళు లేరు.

దిగేటప్పుడు జాగ్రత్త. మొదటి ఏడాది నాకు ఒక సంఘటన జరిగింది. కొత్తగా సర్వీసు చేయించిన సైకిల్. బ్రేకు ఆయిలు సరిగా నింపలేదు, నేనూ చూసుకోలేదు. సగం దిగాక వెనక బ్రేకు లివర్ హ్యాండిల్‌కి తగిలేదాకా లోపలికి పోయింది. ముందు బ్రేకుతో కొద్దికొద్దిగా వేగం తగ్గించుకుని కొండ పక్కన మట్టికి ఆనించి ఆపాను. మోచేయి చెక్కుకుపోయింది, అంతకంటే ఏం కాలేదు. ఆ రోజు నుంచి కొండ దిగేముందు రెండు బ్రేకులూ పట్టి సైకిల్‌ని ముందుకు తోసి చూడనిదే కదలను.

సీతాఫలాల కాలంలో దారి పొడవునా బుట్టలు పెట్టుకుని అమ్ముతారు. కొండవీటి సీతాఫలం తిన్నవాళ్ళకి వేరేది ఆనదు.

స్పోక్ మేస్త్రి · నవంబరు 10, రాత్రి 9:05

గుంటూరులో సైకిల్ రిపేరు చేస్తాను. ముప్పై ఏళ్ళు ఇదే పని. టీచరు గారు చెప్పిన బ్రేకు సంగతి మీద రెండు మాటలు. హైడ్రాలిక్ బ్రేకుల్లో కొన్నింటికి మినరల్ ఆయిల్, కొన్నింటికి డాట్ ఫ్లూయిడ్. ఒకదాంట్లో ఒకటి పోస్తే లోపల రబ్బరు సీళ్ళు ఉబ్బి పాడైపోతాయి. లివర్ మీద రాసి ఉంటుంది, చూసి పోయించుకోండి. పొడవాటి దిగుడులో బ్రేకు అలాగే పట్టుకుని దిగకూడదు. డిస్కు కాలి, ప్యాడ్ల పైన అద్దంలా మెరుపొచ్చి పట్టు పోతుంది. గట్టిగా పట్టి వేగం తగ్గించండి, వదలండి, గాలి తగలనివ్వండి, మళ్ళీ పట్టండి.

ఇక ముళ్ళు. పటమట అబ్బాయి గారికి రెండు చక్రాలూ పోయింది పల్లేరు కాయల వల్లే అయి ఉంటుంది. ఎండిన గట్ల మీద నేలకి అంటుకుని పాకే మొక్క, పసుపు పువ్వు. కాయ ఎలా పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది. ఒక్కో టైరులో ఇరవై ముళ్ళు పీకిన రోజులున్నాయి. రెండోది సర్కారు తుమ్మ. కాలువ గట్ల పక్కన కొట్టి పడేసిన కొమ్మలుంటాయి, ఆ ముల్లు అంగుళం పైనే ఉంటుంది, టైరుని నిలువునా దిగుతుంది.

దీనికి మందు ట్యూబ్‌లెస్. టైరులో పోసే సీలెంట్ చిన్న చిల్లుల్ని తనే పూడుస్తుంది. కానీ మన ఎండకి ఆ ద్రవం రెండు మూడు నెలల్లో గడ్డకట్టిపోతుంది. కంపెనీ ఆరు నెలలని రాసినా నమ్మకండి, ఇది గుంటూరు. రెండు నెలలకోసారి చక్రం ఊపి చూడండి, లోపల కదిలే చప్పుడు రాకపోతే మళ్ళీ పోయాలి. ట్యూబ్‌లెస్ కుదరకపోతే ట్యూబులోనే సీలెంట్ పోయించుకోండి, వాల్వ్ లోపలి ముక్క ఊడేది అయితే చాలు.

గాలి ఎక్కువ పెట్టుకునే అలవాటు మనవాళ్ళకి బాగా ఉంది. 70 కేజీల మనిషి 2.2 అంగుళాల టైరుకి ట్యూబ్ ఉంటే 32 పీఎస్ఐ దగ్గర, ట్యూబ్‌లెస్ అయితే 25 దగ్గర మొదలుపెట్టి తనకి నప్పేది చూసుకోవాలి. యాభై కొట్టి గ్రావెల్ మీదకి పోతే టైరు గులకరాయి మీద నుంచి ఎగిరెగిరి పడుతుంది, మలుపులో పట్టు ఉండదు.

సంచీలో ఉండాల్సినవి చెప్తాను. ఒక ట్యూబు, చేతి పంపు, చైను లింకు, మీ సైకిల్‌కే సరిపడే హ్యాంగర్. హ్యాంగర్ ఒక్కో మోడల్‌కి ఒక్కో రకం, పక్కవాడిది మీకు పట్టదు. సైకిల్ కొన్న రోజే ఇంకొకటి కొని పెట్టుకోండి. మూడు వందల వస్తువు లేక ముప్పై కిలోమీటర్లు నడిచినవాళ్ళని చూశాను.

పల్నాటి నాపరాయి · నవంబరు 11, ఉదయం 7:20

మాచర్ల వైపు నుంచి. నా పేరులోనే మా నేల ఉంది. మా దగ్గర పొరలు పొరలుగా సున్నపురాయి, అంచు కత్తిలా ఉంటుంది. ముల్లు టైరు మధ్యలో దిగితే సీలెంట్ ఆపుతుంది కానీ, నాపరాయి టైరు పక్క గోడని చీరేస్తుంది. దాన్ని ఏ ద్రవమూ ఆపలేదు. లోపల నుంచి టైరు ముక్కో, మందపాటి అట్టో పెట్టి ట్యూబు వేసుకుని ఇల్లు చేరాలి. నేను పాత టైరు ముక్క ఒకటి ఎప్పుడూ సీటు కింద సంచీలో ఉంచుతాను.

మా దారుల్లో నాకిష్టమైనది కారంపూడి నుంచి గుత్తికొండ వైపు. నాగులేరు దాటి, పత్తి, మిరప చేల మధ్య డొంకలు, మెల్లగా గుట్టలు దగ్గరవుతాయి. గుత్తికొండ బిలం దగ్గర గుహలోకి దిగితే లోపల నీళ్ళు. తొలి ఏకాదశికి జనం విరగబడతారు, ఆ రోజు వదిలి మామూలు రోజుల్లో రండి. చలికాలం పొద్దున పూట ఆ గుట్టల మీద పొగమంచు ఉంటుంది.

మాచర్ల నుంచి ఎత్తిపోతల, అక్కణ్ణుంచి నాగార్జునసాగర్ రోడ్డు తారే కానీ చుట్టూ చిట్టడవి. చంద్రవంక వాగు అక్కడ 70 అడుగుల నుంచి దూకుతుంది. కింద మడుగులో మొసళ్ళున్నాయి, మొసళ్ళ పెంపకం కేంద్రం అక్కడే. సైకిల్ కడుక్కుందామనో కాళ్ళు తడుపుకుందామనో నీళ్ళ దగ్గరకి దిగకండి.

ఇంకా లోపలికి, నల్లమల వైపు వెళ్దామని చాలామంది అడుగుతారు. వద్దు. అది నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. అక్కడ సైకిల్ తొక్కడానికి దారి వెతకడం కూడా తప్పే. పెద్ద రోడ్ల మీద కూడా చీకటి పడ్డాక వాహనాలనే ఆపేస్తారు.

ఫిబ్రవరి, మార్చిలో మా వైపూ, గుంటూరు వైపూ వచ్చేవాళ్ళకి ఒక విన్నపం. మిరప కోతలప్పుడు ఖాళీ నేల ఉన్న ప్రతి చోటా కళ్లాలే. ఎర్రగా పరిచిన కాయల పక్క నుంచి పోతే దుమ్ము లేస్తుంది, ఆ దుమ్ము కాయ మీద పడితే రైతుకి రేటు తగ్గుతుంది. దిగి నడవండి. గాలి మన వైపు ఉంటే ఘాటుకి కళ్ళు మండుతాయి, అద్దాలు పెట్టుకోండి.

లోయ దూకుడు · నవంబరు 11, రాత్రి 10:45

అందరూ అది వద్దు ఇది వద్దు అంటున్నారు. నాకు 23 ఏళ్ళు, కిందికి దిగే ట్రైల్స్ అంటే ప్రాణం. మంగళగిరి వైపు, కొత్తూరు తాడేపల్లి వెనక ఎన్నో వాలులు ఖాళీగా ఉన్నాయి. నలుగురు కలిసి రెండు ఆదివారాలు పని చేస్తే పొదలు కొట్టి, బర్మ్‌లు (మలుపుల్లో వాలుగా కట్టే మట్టి గట్లు) కట్టి మంచి లైన్ తయారవుతుంది. మన పిల్లలు ఎక్కడ నేర్చుకోవాలి? ఎప్పటికీ కాలువ గట్టు మీదేనా? దారులు దాచుకుంటే ఈ ఆట మన ఊళ్ళో ఎలా పెరుగుతుంది? కోపంగా కాదు, నిజంగానే అడుగుతున్నా.

మేకలబాట · నవంబరు 12, ఉదయం 11:30

నేను సైకిల్ రేసువాణ్ణి కాదు. మాది జి.కొండూరు మండలం, మా నాన్న మేకలు కాస్తాడు, చిన్నప్పుడు నేనూ కాశాను. ఇప్పుడు విజయవాడలో ఉద్యోగం. సెలవు రోజుల్లో పాత సైకిల్ మీద మా కొండ చుట్టూ తిరుగుతాను. చదువుతుంటే చెప్పాలనిపించింది.

తమ్ముడూ, మీకు ఖాళీగా కనిపించే వాలు ఖాళీ కాదు. కొండకి అడ్డంగా అటవీ శాఖ వాళ్ళు కందకాలు తవ్వి ఉంచుతారు, వాన నీరు ఆగడానికి. గడ్డి పెరిగాక అవి పైనుంచి కనపడవు. దిగుడు వేగంలో ముందు చక్రం అందులో పడితే మెడ విరుగుతుంది. మేకకే కాలు విరగడం చూశాను. ఇంకోటి, పొదలు కొట్టిన వెడల్పు గీతలు కొండ మీద కనిపిస్తే దారి అనుకుంటారు. అవి ఫైర్ లైన్లు, మంట పాకకుండా వేసినవి. నిలువుగా కిందికి దారి వేస్తే మొదటి వానకే అది వాగవుతుంది. రెండో ఏటికి మోకాలి లోతు కోసుకుపోతుంది. మా ఊరి వెనక లారీలు మట్టి తోలిన చోట అలాగే అయింది, ఇప్పుడు మేకలు కూడా అటు పోవు.

పొదలంటే గుర్తొచ్చింది. కొండపల్లి బొమ్మలు చేసేది తెల్ల పొనికి కర్రతో. బొమ్మలు చేసేవాళ్ళు ఆ కర్ర దొరక్క ఎంత అవస్థ పడుతున్నారో మా వైపు అందరికీ తెలుసు. చిన్న పొనికి మొక్కని చూసి గుర్తుపట్టేవాళ్ళు మీ నలుగురిలో ఎవరున్నారు? కత్తి పట్టుకుంటే అదీ పోతుంది, తుమ్మా పోతుంది.

మేకల బాటలు మాత్రం వందల ఏళ్ళవి. అడ్డంగా, మెలికలు తిరుగుతూ ఉంటాయి, అందుకే కోసుకుపోవు. అడవి హద్దు బయట, ఊరి బీడులో ఉన్న బాటలు సైకిల్‌కి బాగుంటాయి. మందలు పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య కొండకి పోతాయి, సాయంత్రం ఐదుకి దిగుతాయి. ఎదురైతే దిగి పక్కకి నిలబడండి. బెల్లు కొట్టకండి, మంద చెదిరితే పోగు చేయడానికి పూట పడుతుంది. కుక్క మీదకి వస్తే తొక్కి పారిపోకండి. దిగి, సైకిల్‌ని మీకూ దానికీ మధ్య పెట్టుకుని నెమ్మదిగా నడవండి. కాపరి పిలిస్తే అది ఆగుతుంది. వాగు ఇసుకలో తవ్విన చెలమలుంటాయి, అవి మేకలు తాగేవి. అందులో చేతులు కడగొద్దు.

లోయ దూకుడు · నవంబరు 12, మధ్యాహ్నం 2:15

కందకాల సంగతి నాకు నిజంగా తెలియదు అన్నా. పోయిన నెల ఒక చోట గడ్డిలో నుంచి అలాగే దిగాను, ఇప్పుడు తలచుకుంటే భయమేస్తోంది. కత్తి పట్టుకోను. కానీ నేర్చుకునే చోటు కావాలి అన్న మాట మీద మాత్రం ఉన్నాను.

మూలపాడు రెక్క · నవంబరు 12, సాయంత్రం 5:40

మీ మాటలో న్యాయం ఉంది. ఎవరిదైనా సొంత స్థలంలో, మామిడి తోట యజమాని ఒప్పుకుంటే రెండెకరాల్లో మట్టితో కట్టుకోవచ్చు కదా. గుట్ట వాలు ఉన్న తోటలు నూజివీడు, ఆగిరిపల్లి వైపు ఉన్నాయి. అనుమతి కాగితం రాయడంలో, డీఎఫ్ఓ (అటవీ అధికారి) ఆఫీసుకి వెళ్ళడంలో సాయం కావాలంటే నేను వస్తాను.

వార్డు డ్యూటీ · నవంబరు 12, రాత్రి 11:50

ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నాను. మా తమ్ముడు సైకిల్ తొక్కుతాడు, వాడి ద్వారా ఈ చర్చ చూశాను. ఒకే విషయం చెప్పి వెళ్తాను.

మీరు తిరిగే చోట్ల రక్తపింజర, నాగుపాము, కట్లపాము మూడూ ఉంటాయి. కాటు పడితే పైన గట్టిగా తాడు కట్టి తెస్తున్నారు. కాలు నల్లబడి వస్తున్నారు. కట్టకండి. కోయకండి, నోటితో పీల్చకండి, పాము కోసం వెతకకండి. ఉంగరం, వాచీ, బూటు తీసేయండి, వాపు వస్తే అవే బిగుసుకుంటాయి. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా పుల్లతో, తువ్వాలుతో వదులుగా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకు రండి. 108కి ఫోన్ చేయండి. కాటు పడిన టైము గుర్తుపెట్టుకోండి. విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికే నేరుగా రండి, విజయవాడ, గుంటూరు పెద్దాసుపత్రుల్లో ఉంటుంది. మధ్యలో నాటు మందు దగ్గర ఆగిన గంటే ప్రాణం తీస్తుంది.

సిగ్నల్ లేని చోటికి ఒంటరిగా పోవద్దు. పోతే ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో కాగితం మీద రాసిపెట్టి వెళ్ళండి. మీరు కిందపడ్డారని ఎవరికీ తెలియకపోవడమే అన్నిటికంటే ప్రమాదం.

కృష్ణలంక పెడల్ · నవంబరు 13, ఉదయం 5:55

చెల్లెమ్మా, ఇది ప్రింటు తీసి మా గుంపులో అందరికీ ఇస్తాను. హ్యాంగర్ విరిగిన రోజు నా ఫోన్‌లో కూడా సిగ్నల్ లేదు. ఇంట్లో ఎటు వెళ్తున్నానో చెప్పలేదు. మధ్యాహ్నం మూడింటికి ఇల్లు చేరేసరికి మా ఆవిడ వీధి గుమ్మంలోనే కూర్చుని ఉంది. పొద్దుటి నుంచీ అన్నం తినలేదు.

కొత్తగేరు · నవంబరు 16, మధ్యాహ్నం 3:30

ఈ రోజు వెళ్ళొచ్చాం. వివరంగా రాస్తాను, నాలాగే మొదలుపెట్టేవాళ్ళకి పనికొస్తుందని.

బాబాయ్ గారు, నేను, లోయ దూకుడు తమ్ముడు. ఐదూ పదికి చిట్టినగర్ సొరంగం దగ్గర కలిశాం, లైట్లు వేసుకుని. జక్కంపూడి దాటాక తెల్లవారింది. మేస్త్రి గారు చెప్పినట్టు గాలి యాభై నుంచి ముప్పైకి తగ్గించాను. ఇది నా సైకిలేనా అనిపించింది. గులకరాళ్ళ మీద టైరు నేలని పట్టుకుని పోతుంటే ఇన్నాళ్ళూ చేతులు ఎందుకు అంత నొప్పి పుట్టేవో అర్థమైంది.

తోటల దగ్గర బాబాయ్ గారు ప్రతి గేటు ముందూ ఆగి కేకేశారు. ఒక పెద్దాయన తాటాకు పాక నుంచి బయటికొచ్చి, మా హెల్మెట్లు చూసి, ఏ ఊరు బాబూ అని అడిగి, పైపులో నీళ్ళు పట్టుకోమన్నారు. ఆయన తోట వెనక ఎర్రమట్టి ఎక్కుడు ఒకటుంది, రెండు వందల మీటర్లు కూడా ఉండదు. మూడుసార్లు ప్రయత్నించాను. మొదటిసారి సగంలో వెనక చక్రం గిర్రున తిరిగి ఆగిపోయింది. రెండోసారి లేచి నిలబడ్డాను, ఇంకా త్వరగా జారింది. టీచరు గారి మాట గుర్తొచ్చి, మూడోసారి సీటు ముందు అంచుకి జరిగి, ఛాతీ వంచి, నెమ్మదిగా ఒకే వేగంతో తొక్కాను. ఎక్కేశాను. పైనుంచి కొండపల్లి కొండల వరుస, వెనక థర్మల్ స్టేషన్ పొగ గొట్టాలు, మధ్యలో పొగమంచు. ముప్పై నాలుగేళ్ళుగా ఇదే ఊళ్ళో ఉన్నాను, ఈ దృశ్యం ఇప్పుడే చూశాను.

దిగేటప్పుడు తమ్ముడు నాకు నేర్పాడు. పెడళ్ళు రెండూ సమంగా నేలకి అడ్డంగా పెట్టాలి, సీటు వెనక్కి ఒళ్ళు జరపాలి, ఒక్కో బ్రేకు మీద ఒక్క వేలే, మలుపు లోపల బ్రేకు పట్టకుండా ముందే వేగం తగ్గించుకోవాలి. నాలుగోసారికి భయం పోయింది. మేం దిగుతుంటే తోట పెద్దాయన మనవడు, పదేళ్ళుంటాయి, తన చిన్న సైకిల్ తెచ్చుకుని మా వెనకే దిగాడు. హెల్మెట్ లేకుండా. తమ్ముడు వెంటనే ఆపి తన హెల్మెట్ వాడికి పెట్టి, వాడు ఎక్కి దిగినన్నిసార్లూ పక్కన పరిగెత్తాడు.

వెలగలేరు దగ్గర మంద ఎదురైంది. దిగి నిలబడ్డాం. కాపరి దగ్గరకొచ్చి ఎక్కడి నుంచని అడిగితే, ఇక్కడ రాసిన మేకలబాట గారి సంగతి చెప్పాను. ఆయన వాళ్ళ ఊరి వాడే అట. పొద్దున్నే ఇంకాస్త ముందు వస్తే బీడు బాట చూపిస్తానన్నాడు.

పంక్చర్లు సున్నా. సీసా పెంకులు సంచీ నిండా. ఇంటికి పదీ నలభైకి చేరాను.

మేకలబాట · నవంబరు 16, సాయంత్రం 4:20

ఆయన మా పెదనాన్న. ఫోన్ చేసి చెప్పాడు, ముగ్గురు పట్నం వాళ్ళు మందకి దారిచ్చారని.

లోయ దూకుడు · నవంబరు 16, రాత్రి 8:10

తోట పెద్దాయన దగ్గర నంబరు తీసుకున్నాను. మామిడి పూత రాకముందు వెనక గుట్ట మీద చిన్న మట్టి మలుపులు రెండు కట్టుకోనిస్తారా అని అడిగాను. చెట్ల వేళ్ళ జోలికి రాకపోతే కట్టుకోమన్నారు, ముందు ఒకసారి వచ్చి తాడు పరిచి గీత చూపించమన్నారు. రెక్క గారూ, మీరు వచ్చి చూస్తారా? ఇంట్లో పాత హెల్మెట్లు ఉన్నవాళ్ళు చెప్పండి, పిల్లల సైజువి కావాలి.

కొండవీటి గాలి · నవంబరు 16, రాత్రి 8:55

మా అమ్మాయిది ఒకటుంది, బాగానే ఉంది, పంపిస్తాను.

కృష్ణలంక పెడల్ · నవంబరు 16, రాత్రి 9:30

వచ్చే ఆదివారం ఐదింటికి, అదే సొరంగం దగ్గర. రెక్క గారు వస్తే ఆరుగురం అవుతాం. వెనక లైటు లేనివాళ్ళు ముందే చెప్పండి, నా దగ్గర రెండున్నాయి. సాయంత్రం నుంచి మబ్బు పట్టింది. శనివారం వాన పడితే కాలువ గట్టు వైపు పోము, ఎర్ర నేల మీదే తిరిగొద్దాం.